తామరా, కమలమా, కలువా? మన జాతీయ పుష్పానికి తెలుగులో ఏ పేరు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పాప రెండో తరగతి. వాళ్లకి జాతీయ చిహ్నాల పాఠం మొదలైంది. ఒక పుస్తకంలో "మన జాతీయ పుష్పం కమలం" అని ఉంది. ఇంకో పుస్తకంలో తామర అని ఉంది. గోడకి తగిలించిన బొమ్మల చార్టులో అదే పువ్వు కింద కలువ అని అచ్చేశారు. "అమ్మా, మనకి మూడు పూలా?" అని పాప అడుగుతోంది. తామర అంటే ఒంటికి వచ్చే జబ్బు కదా, ఆ మాట రాస్తే బాగుండదు, కమలం అనే రాయించు అని మావారు అంటున్నారు. ఏది రాయించమంటారు?

జవాబు:

అమ్మా, తామర అని రాయించండి. కమలం అన్నా తప్పు కాదు, రెండూ ఒకే పువ్వు. కలువ మాత్రం వేరే పువ్వు. ఆ చార్టు మీద కొట్టేసి దిద్దినా ఫరవాలేదు.

ముందు కలువ సంగతి తేల్చేద్దాం. పాపకి ఆకు చూపిస్తే చాలు, పువ్వు దాకా వెళ్లక్కర్లేదు. కలువాకు నీటి మీద బల్లపరుపుగా పడి ఉంటుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. తామరాకు నిండు గుండ్రం, చీలిక ఉండదు. కాడ సరిగ్గా ఆకు నడిమధ్యన, గొడుగుకి కర్ర దిగినట్టు దిగుతుంది. లేత ఆకులు నీటి మీద తేలినా, ముదిరినవి నీటిని వదిలి పైకి లేచి నిలబడతాయి. పువ్వు కూడా అంతే, నీటికి బాగా పైన తలెత్తుకుని ఉంటుంది. ఇక తామర నడుమ ఉండే చిల్లుల చిల్లుల దుద్దు కలువకి ఉండనే ఉండదు. చెరువులో రెండూ పక్కపక్కనే పెరుగుతాయి కాబట్టి అక్కాచెల్లెళ్లు అనుకుంటాం గానీ, వృక్షశాస్త్రం ప్రకారం దూరపు చుట్టరికం కూడా కష్టమే. కలువ నింఫియా ప్రజాతి. తామర శాస్త్రీయనామం నెలంబో న్యూసిఫెరా. ఈ నెలంబో కుటుంబానికి నేల మీద పెరిగే ప్లేన్ చెట్లే దగ్గరి బంధువులు. ఆ కుటుంబంలో మిగిలినవి రెండే రెండు జాతులు: ఒకటి మన తామర, రెండోది అమెరికాలో పూసే పసుప్పచ్చ తామర.

పేరు చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. నెలంబో అన్నది లాటిన్ మాట కాదు. సింహళంలో తామరని "నెలుమ్" అంటారు. ఆ మాటే శాస్త్రానికెక్కింది. కానీ శ్రీలంక జాతీయ పుష్పం నెలుమ్ కాదు, నిల్ మానెల్, అంటే మన నల్లకలువ. బంగ్లాదేశ్‌ది షాప్లా, అది తెల్లకలువ. భారతదేశానిది తామర. మూడు దేశాలూ నీటిపూలనే ఎంచుకున్నాయి, అయినా ఎవరి పువ్వు వారిదే. వార్తల్లో మూడింటినీ "తామర" అని రాసేస్తుంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

మన దగ్గర కలువ అన్న పొరపాటు ఎలా వచ్చిందో కూడా నాకు తోచింది చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర పుష్పం కలువ. దేశానికి తామర. పిల్లల సామాన్యజ్ఞానం పుస్తకాల్లో రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉండేవి. బొమ్మలు అటూ ఇటూ మారిపోయాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ మల్లెని ఎంచుకుంది, తెలంగాణది తంగేడు. ఇప్పుడు ఆ గందరగోళానికి తావు లేదు గానీ పాత చార్టులు ఇంకా గోడల మీదే ఉన్నాయి. దీనికి తోడు ఇంకో చిక్కు. హిందీలో జాతీయ పుష్పాన్ని "రాష్ట్రీయ పుష్ప్" అంటారు. తెలుగులో రాష్ట్రం అంటే వేరే కదా. హిందీ చూసి ఉన్నదున్నట్టు దించితే దేశం పువ్వు కాస్తా రాష్ట్రం పువ్వవుతుంది. రాష్ట్రపతి అన్న ఒక్క మాటలోనే ఆ పాత అర్థాన్ని మనం మోస్తున్నాం.

ఇక జబ్బు మాట. మీవారి జంకు నాకు అర్థమవుతుంది. అయితే ఆ జబ్బుకే పువ్వు పేరు వచ్చిందని నా గట్టి నమ్మకం. ఆ మచ్చ గుండ్రంగా ఉంటుంది, అంచు లేచి ఉంటుంది, చుట్టూ పాకుతూ పోతుంది. నీటి మీద తామరాకులు పరుచుకున్నట్టే. తమిళంలో దాన్ని "పడర్‌తామరై" అంటారు, పాకే తామర అని అర్థం. అక్కడ విశేషణం నిలిచింది, జబ్బు జబ్బులా, పువ్వు పువ్వులా ఉన్నాయి. మనం విశేషణం లేకుండా వట్టి తామర అనేశాం, దాంతో పువ్వు పేరు చెప్పడానికి సిగ్గుపడే స్థితికి వచ్చాం. నలిని, సరోజ, అరవింద్, రాజీవ్, పంకజ్, నీరజ, కమల, పద్మ, ఇంతమంది మన చుట్టూ తామరపూల పేర్లతో తిరుగుతున్నారు. తామర అన్న పేరు గల తెలుగు పిల్ల నాకు ఇంతవరకూ ఎదురుకాలేదు. పువ్వుని అసలు పేరుతో పిలవడమే మానుకున్నాం అనిపిస్తుంది.

మరో సందేహం:

అయ్యా, చిన్న అభ్యంతరం. తామర అసలు పేరు అంటున్నారు. సంస్కృతంలో తామరసం అని ఉంది. దానికి వికృతి తామర అని మా తెలుగు మాస్టారు చెప్పారు. అలాంటప్పుడు అదీ తెచ్చుకున్న మాటే కదా? కమలానికీ దానికీ తేడా ఏముంది?

జవాబు:

మంచి ప్రశ్న అడిగారు. మాస్టారు చెప్పింది చాలాకాలం అందరూ నమ్మినదే. ఒక్కసారి ఇరుగుపొరుగు ఇళ్లలోకి తొంగి చూడండి. తమిళంలో తామరై, మలయాళంలో తామర, కన్నడంలో తావరె. తమిళంలో ఈ మాట సంగం కాలపు కవిత్వంలోనే ఉంది. సంస్కృతం వైపు చూస్తే, ఋగ్వేదంలో పుష్కరం, పుండరీకం కనిపిస్తాయి. తామరసం తరవాతి కాలపు మాట. అందుకే భాషాశాస్త్రవేత్తలు దారి అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు అంటారు. ద్రావిడ భాషల నుంచే సంస్కృతం తామరసాన్ని తీసుకుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో మనం ఇచ్చిన మాట అది. దాన్నే తిరిగి మనకి అప్పుగా రాసుకున్నాం!

సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం ఉంది కదా, దాని వారివర్గంలో, అంటే నీటి మాటల భాగంలో, తామర పేర్లు చూడండి:

"వా పుంసి పద్మం నలినమరవిందం మహోత్పలం
సహస్రపత్రం కమలం శతపత్రం కుశేశయం
పంకేరుహం తామరసం సారసం సరసీరుహం
బిసప్రసూన రాజీవ పుష్కరాంభోరుహాణి చ"

లెక్కపెడితే 16 పేర్లు. పంకేరుహం పక్కన మన తామరసం ఎంత దర్జాగా కూర్చుందో చూశారా! ఆ తరవాత అమరసింహుడు రంగులు విడదీస్తాడు. తెల్లది పుండరీకం, ఎర్రది కోకనదం. పుండరీకాక్షుడు అన్నప్పుడు తెల్లతామర రేకుల్లాంటి కళ్లు అన్నమాట. ఇంకో చిత్రం, మనం రోజూ వాడే పంకజం ఈ వరసలో లేదు, పంకేరుహం ఉంది.

తెలుగులో ఈ మాటకి ఇంకో రూపం ఉంది, నాకు ప్రాణం. తమ్మి. కెందమ్మి, నెత్తమ్మి, తమ్మికంటి. బ్రహ్మదేవుణ్ణి తమ్మిచూలి అన్నారు, తామరలో పుట్టినవాడని. పద్మసంభవుడు అంటే గంభీరంగా ఉంటుంది గానీ, తమ్మిచూలి అన్నప్పుడు ఇంట్లో మనిషిని పిలిచినట్టుంటుంది. బడిలో ప్రాతాదిసంధికి ఉదాహరణ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, "కెంపు + తామర = కెందామర". ఆ ఒక్క ఉదాహరణ పుణ్యమా అని ఎర్రతామర మన తలల్లో ఇంకా బతికి ఉంది.

ప్రశ్న:

అన్నా, ఒకే పువ్వుకి 16 పేర్లు ఎందుకు? పద్యంలో గణాలు సరిపోవడానికేనా? పంకజం అంటే బురదలో పుట్టింది అని అర్థమైతే కప్ప కూడా పంకజమే కావాలిగా?

జవాబు:

తమ్ముడూ, ఆ కప్ప ప్రశ్న మన పూర్వులు వందల ఏళ్ల కిందటే వేసుకున్నారు! న్యాయ, మీమాంస శాస్త్రాలలో ఈ పంకజం మీద పెద్ద చర్చే జరిగింది. పంకం అంటే బురద, జ అంటే పుట్టినది. అవయవాల లెక్కన బురదలో పుట్టిన నాచూ, తుంగా, కప్పా అన్నీ పంకజాలే. కానీ పంకజం అనగానే ఎవరికీ కప్ప తోచదు. అవయవార్థమూ ఉండాలి, లోకంలో స్థిరపడిన అర్థమూ ఉండాలి, రెండూ కలిసిన చోటే మాట నిలబడుతుంది. దీన్ని యోగరూఢి అన్నారు. ఎక్కడ యోగరూఢి పాఠం చెప్పినా ఉదాహరణ పంకజమే. ఒక భావనకి నిలువెత్తు ఉదాహరణగా నిలిచిన పువ్వు ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

నీటి మాటలతో ఒక చిన్న కిటుకు ఉంది, పిల్లలకి నేర్పితే ఎగిరి గంతేస్తారు. నీరు అనే అర్థం ఉన్న మాట తీసుకో. చివర "జ" పెడితే తామర, "ద" పెడితే మేఘం, "ధి" పెడితే సముద్రం. జలజం, జలదం, జలధి. అంబుజం, అంబుదం, అంబుధి. వారిజం, వారిదం, వారిధి. నీటి నుంచి పుట్టింది, నీటిని ఇచ్చేది, నీటిని దాచుకున్నది. వనజ అనే పేరున్నవాళ్లు అడవిలో పుట్టింది అనుకుంటారు. వనం అంటే నీరు అని కూడా అర్థం. అమరకోశంలోనే నీటి పేర్లలో "జీవనం భువనం వనమ్" అని ఉంది. కాబట్టి వనజ కూడా తామరే. ఒకటి గుర్తుపెట్టుకో, అబ్జం అంటే మాత్రం తామరే కాక శంఖం కూడా, పుంలింగంలో అబ్జుడంటే చంద్రుడు. సందర్భం చూసుకోవాలి.

గణాల కోసమేనా అన్నావు. కొంతవరకు అవును, కాదనను. కానీ పోతన ప్రహ్లాదుడి చేత పలికించిన "మందార మకరంద" పద్యం చివరి పాదాలు ఒకసారి పైకి చదువు: "అంబుజోదర దివ్య పాదారవింద చింతనామృత పాన విశేష మత్త చిత్తము". ఒక్క ఊపులో తామర రెండుసార్లు వచ్చింది, రెండు పేర్లతో. అంబుజోదరుడు అన్నప్పుడు బొడ్డున పూసిన తామర, నీటి మీద పవళించిన విష్ణువు. అక్కడ "అంబు" ఉండాలి, పాలకడలి నీళ్లు కళ్లముందుకి రావాలి. పాదారవిందం అన్నప్పుడు పుట్టుక మాట అక్కర్లేదు, పాదాల మీద వాలాల్సిన తుమ్మెద మాటే కావాలి. ఆ రెంటినీ తారుమారు చేసి పలికి చూడు, నోటికే తెలుస్తుంది.

ప్రశ్న:

తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా, అది తెలుగు జాతీయమా, సంస్కృతం నుంచి వచ్చిందా? అర్థం కూడా ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తోంది.

జవాబు:

భగవద్గీత అయిదో అధ్యాయంలో "పద్మపత్రమివాంభసా" అని ఉంది. తామరాకుని నీరు అంటనట్టు, ఫలాన్ని ఆశించక పనిచేసేవాణ్ణి పాపం అంటదు అని. మనం మాట్లాడుకునేటప్పుడు వచ్చే అర్థం ఇదే, అంటీముట్టనట్టు ఉండటం. కానీ సంస్కృత కవి భర్తృహరి శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన పద్యంలో చూపు ఆకు మీద లేదు, బొట్టు మీద ఉంది. కాలిన ఇనుము మీద పడిన నీరు పేరు లేకుండా పోతుంది, "ఆ నీరమె ముత్యమట్లు నళినీదళ సంస్థితమై తనర్చు", ముత్యపుచిప్పలో పడితే మణే అవుతుంది. అక్కడ తామరాకు మధ్యముడి సహవాసం! ముత్యంలా మెరుస్తుంది, ముత్యం మాత్రం కాదు. ఒకే ఆకు, ఒకే బొట్టు, ఒకచోట వైరాగ్యం, ఒకచోట సాంగత్యం. మీకు ఒక్కోచోట ఒక్కోలా కనిపించడానికి కారణం అదే.

ఎప్పుడైనా తామరాకుని దగ్గరగా చూశారా? నేను చేతిలోకి తీసుకుని దోసెడు నీళ్లు పోసి చూశాను. నీరు పాకదు, చెదిరి పూసలైపోతుంది. ఆకుని కాస్త వంచితే పూసలన్నీ దొర్లి నడుమకి చేరి ఒకే పెద్ద గుండ్రని బొట్టవుతాయి. మళ్లీ వంచితే జారిపోతుంది, పోతూ పోతూ ఆకు మీది దుమ్ముని కూడా ఊడ్చుకుపోతుంది. వేలితో తడిమితే ఆకు పొడిగానే ఉంది. ఆకు పైన కంటికి కనపడనంత చిన్న బొడిపెలు, వాటి మీద మైనపు పొర ఉంటాయి. బొట్టు ఆ బొడిపెల కొసల మీదే నిలుస్తుంది, కింద గాలి ఉంటుంది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ ఈ సంగతిని పరిశోధించి 1997లో ప్రచురించారు. మురికి అంటని పూతలకి ఆ ఆకే ఆదర్శమైంది. బొట్టుతో పాటు మురికీ పోతుందని ఆయన చూపించాడు. పాపం అంటదు అని గీత చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

తూడు సంగతీ అంతే. తామరతూడు విరిచి రెండు ముక్కల్నీ మెల్లగా ఎడంగా లాగితే మధ్యలో సాలెపోగు కంటే సన్నని దారాలు సాగుతాయి. ఎక్కడ తెగుతాయో తెలీదు. లలితా సహస్రనామంలో "బిసతంతుతనీయసీ" అన్న నామం ఉంది, తామరతూటి దారం కంటే సన్ననిది అని. ఆ మాట కట్టినవాళ్లు తూడు విరిచి చూసినవాళ్లే అయ్యుండాలి.

ఇంకో సందేహం:

బజార్లో తామర గింజలు అని తెల్లగా, పేలాల్లా అమ్ముతున్నారు. అవి ఈ తామరవేనా?

జవాబు:

కావు. అవి మఖానా. ముళ్లుండే వెడల్పాటి ఆకుల నీటిమొక్క గింజలు, కలువ కుటుంబానిది. బిహార్‌లో మిథిల ప్రాంతపు మఖానాకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మఖానా అన్న పేరే వాడితే సరిపోతుంది, మారుపేరు అక్కర్లేదు. అసలు తామరగింజ పచ్చిగా ఉన్నప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండితే రాయే. ఆ పెంకు ఎంత గట్టిదంటే చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తింది.

తామర పేరు పెట్టుకుని తామర కానివి ఇంకా ఉన్నాయి. పెరట్లో ఎర్రగా పూసే మెట్టతామర కాన్నా మొక్క. చెరువుల్లో వేళ్లు వేలాడేసుకుని తేలే అంతరతామర కూడా వేరే మొక్కే.

ప్రశ్న:

అయ్యా, దేశానికి ఈ పువ్వు ఎందుకు? మతానికి సంబంధించిన గుర్తని కొందరు అంటారు.

జవాబు:

లక్ష్మి, సరస్వతి, బ్రహ్మ అంటే తామర గుర్తొస్తుంది, నిజమే. అలమేలుమంగ పేరే చూడండి. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద. పువ్వు మీది మగువ, ఆ పువ్వు తామరే. తెలుగులోనూ అలరు అంటే పువ్వే. కానీ అక్కడితో ఆగదు. అమరావతి స్తూపం స్తంభాల మీద బౌద్ధ శిల్పులు చెక్కిన పద్మ ఫలకాలు చూడండి, రేకు వెనక రేకు, ఎంత ఓపిక! సారనాథ్‌లో అశోకుడు నిలబెట్టిన నాలుగు సింహాల శిఖరం కింద గంట ఆకారంలో ఉన్నది కూడా తలకిందులుగా వాలిన తామరే. 1950 జనవరి 26న దాన్ని రాజముద్రగా తీసుకున్నప్పుడు ఆ తామర భాగాన్ని వదిలేశారు. అంటే మన జాతీయ పుష్పం మన జాతీయ చిహ్నంలో ఉండాల్సిన చోట లేదు! 1954లో మొదలైన పౌర పురస్కారాలకి మరుసటి ఏడు పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని పేర్లు పెట్టారు, పద్మశ్రీ పతకం నడుమ తామర ఉంటుంది. గుడి ముందు కోనేటిని పుష్కరిణి అంటున్నాం, దాని అర్థం తామరల కొలను. హిందువో, బౌద్ధుడో, ఏ మతమూ లేనివాడో, చెరువున్న ఊళ్లో పుట్టిన ఎవరికైనా ఈ పువ్వు పరాయిది కాదు.

మొదట అడిగినామె:

అందరికీ ధన్యవాదాలు. పాప తామర అనే రాసింది, పక్కన బ్రాకెట్లో కమలం అని కూడా. మీరు "దుద్దు" అన్నారు కదా, చెవి దుద్దుకీ దానికీ ఏమైనా సంబంధం ఉందా అని అడగమంది.

జవాబు:

పాపకి నా దీవెనలు చెప్పండమ్మా! ఉంది. తామర నడుమ గింజలుండే భాగాన్ని దుద్దు అంటాం, చెవికి పెట్టుకునేదాన్నీ దుద్దే అంటాం. సంస్కృతంలోనూ ఇదే ముచ్చట. కర్ణిక అంటే చెవి నగ, కర్ణిక అంటే తామర దుద్దు, అమరకోశం రెండర్థాలూ ఇస్తుంది. తామర దుద్దు ఎప్పుడైనా దొరికితే పాప చేతిలో పెట్టండి. పైన గుండ్రని బిళ్ల, దానిలో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ పొదిగినట్టు ఉంటుంది. రాళ్ల దుద్దు పక్కన పెట్టి చూడమనండి.